దేవస్వభావంలో పాలుపొందడమే రక్షణా? ఏ సంప్రదాయం ఏమంటుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2 పేతురు 1:4లో "దేవస్వభావమునందు పాలివారగునట్లు" అని ఉంది. మీ లూథరన్ సంఘంలో మాత్రం రక్షణ అంటే పాపక్షమాపణ, నీతిమంతులుగా తీర్చబడడం అని నేర్పారు. ఒక ఆర్థడాక్స్ ఫాదర్ గారి వీడియోలో మనిషి దైవత్వంలో పాలుపొందడమే రక్షణ అని విన్నారు. ఇది అద్వైతమా, దుర్బోధా, లేక మన దగ్గర ఎవరూ చెప్పకుండా వదిలేసిన సంగతా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇది దుర్బోధ కాదు, అద్వైతమూ కాదు. 2వ శతాబ్దం నుంచి సంఘం చెబుతూ వచ్చిన మాటే. ఆర్థడాక్స్, కాథలిక్, లూథరన్, కాల్విన్ సంప్రదాయం, మెథడిస్టు సంప్రదాయం: వీటిలో ఏ ఒక్కటీ మనిషి తన సారంలోనే, అంటే తన అసలు ఉనికిలోనే, దేవుడైపోతాడని చెప్పదు. విశ్వాసి దేవుని జీవంలో నిజంగా పాలుపొందుతాడని అన్నీ ఒప్పుకుంటాయి. గొడవంతా రెండు ప్రశ్నల దగ్గర ఉంది. మనకు దక్కేది సరిగ్గా ఏమిటి? దేవుడు మనల్ని అంగీకరించడం దాని మీద ఆధారపడి ఉంటుందా? ఈ రెండూ గుర్తుపెట్టుకుని కింద చదవండి.

అసలు వివాదంలోకి వెళ్ళేముందు అందరూ ఒప్పుకునే హద్దు ఒకటి చెప్పాలి. ఆది లేకపోవడం, సృష్టించే శక్తి, సర్వజ్ఞత, ఆరాధన అందుకునే అర్హత ఎవరికీ పంచబడవు. త్రిత్వంలోకి నాలుగో వ్యక్తి రాడు. పంచబడేవి పరిశుద్ధత, ప్రేమ, క్షయం లేని జీవం, మహిమ, తండ్రిని "అబ్బా" అని పిలిచే కుమారత్వం. ఈ జాబితాలో శరీరం కూడా ఉంది. పునరుత్థానం లేకుండా ఈ బోధ సగమే.

పాతకాలపు పితరులు ఎందుకిలా మాట్లాడారు

2వ శతాబ్దం చివర్లో లియోన్ బిషప్పు ఇరేనియస్ ఒక మాట రాశాడు: ఆయన ఉన్నట్టు మనల్ని చేయడానికే క్రీస్తు మనలా అయ్యాడు. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ దాన్ని ఇంకా పదునుగా చెప్పాడు: మనం దైవంగా చేయబడాలని ఆయన మనిషయ్యాడు. వీడియోల్లో ఈ ఒక్క వాక్యమే తిరుగుతూ ఉంటుంది. దాని వెనకున్న వాదన మాత్రం ఎవరూ చెప్పరు, అసలు బలం అక్కడే ఉంది.

కుమారుడు కూడా సృష్టించబడినవాడే అని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద ఆరియస్ బోధించాడు. 325లో నికేయ సభ దాన్ని తోసిపుచ్చింది. అయినా ఆ తర్వాత దశాబ్దాల తరబడి గొడవ సాగింది. అథనాసియస్ అడిగింది ఇదే: కుమారుడు కూడా మనలాంటి సృష్టే అయితే, మనల్ని దేవునితో ఎలా కలపగలడు? తనకే సొంతంగా లేనిది మనకెలా ఇస్తాడు? అంటే దైవీకరణ, మనిషి దేవుని జీవంలో పాలుపొందడం, ఆయన దృష్టిలో ఎక్కడో మఠాల్లో పుట్టిన విశేష బోధ కాదు. క్రీస్తు దైవత్వాన్ని నిలబెట్టే వాదనకు అది ఆధారం. మీ సంఘంలో ఆదివారం నికేయ విశ్వాసప్రమాణం చెబుతుంటే, ఈ వాదన గెలిచినందువల్లే దాన్ని చెబుతున్నారు.

దైవీకరణకు "థియోసిస్" అనే గ్రీకు మాటను వాడుకలోకి తెచ్చింది అదే శతాబ్దపు నజియాంజుస్ గ్రెగొరీ. లాటిన్ ప్రపంచంలో అగస్టీను కూడా వెనకాడలేదు. మనం దేవుని పిల్లలమైతే దైవాలుగానూ చేయబడ్డామని, కానీ అది దత్తత తీసుకున్న కృప వల్లే తప్ప పుట్టుకతో వచ్చిన స్వభావం వల్ల కాదని ఆయన ఒక కీర్తన వ్యాఖ్యానంలో అన్నాడు. కాబట్టి "ఇది తూర్పువాళ్ళ బోధ, పశ్చిమానికి తెలియదు" అనడం సరికాదు.

అలాగే, "తూర్పువాళ్ళకు సమస్య మరణం, పశ్చిమవాళ్ళకు సమస్య అపరాధం" అనే సూత్రం కూడా బాగా చలామణిలో ఉంది. కొంతవరకే నిజం. అథనాసియస్ పుస్తకంలోనే మనందరి తరఫున క్రీస్తు చెల్లించిన మరణపు ఋణం గురించి స్పష్టంగా ఉంది.

ఆర్థడాక్స్: రక్షణ అంటే ఇదే

వీళ్ళ దగ్గర దైవీకరణ రక్షణలో ఒక భాగం కాదు, రక్షణకు ఇంకో పేరు. క్షమాపణ దాని లోపలే ఉంటుంది. 7వ శతాబ్దపు బైజాంటైన్ సన్యాసి మాక్సిమస్ దీన్ని కాల్చిన ఇనుముతో పోల్చి వివరించాడు. నిప్పులో పెట్టిన ఇనుము ఎర్రబడుతుంది, వెలుగిస్తుంది, కాలుస్తుంది. నిప్పు చేసే పని అంతా చేస్తుంది, కానీ ఇనుముగానే ఉంటుంది. సారంలో ఒక్కటి కావడం తప్ప, దేవునికున్నదంతా కృపవల్ల మనిషికి రావచ్చునని ఆయన అంటాడు. ఆ "తప్ప" చాలా ముఖ్యం. క్రీస్తుకు దైవచిత్తంతో పాటు నిజమైన మానవచిత్తం కూడా ఉందని పట్టుబట్టినందుకు ఆయన నాలుక, కుడిచెయ్యి నరికి దేశబహిష్కారం చేశారు. 662లో అక్కడే చనిపోయాడు. 680-81 కాన్‌స్టాంటినోపుల్ సభ ఆయన బోధనే నిజమని తేల్చింది. దైవీకరణకూ దీనికీ సంబంధం ఏమిటంటే, క్రీస్తులో మానవచిత్తం దేవునిలో కరిగిపోలేదు గనుక మనలో కూడా కరిగిపోదు. మన చిత్తం స్వస్థపడి దేవుని చిత్తంతో ఏకమనస్సుగా నడుస్తుంది, అంతే.

14వ శతాబ్దంలో అసలు పరీక్ష వచ్చింది. గ్రీసులోని ఆథోస్ కొండ సన్యాసులు ప్రార్థనలో దేవుని వెలుగును చూస్తున్నామన్నారు, రూపాంతరపు కొండమీద శిష్యులు చూసిన వెలుగే అది అన్నారు. కలబ్రియా నుంచి వచ్చిన బార్లాం అనే పండితుడు దాన్ని ఎగతాళి చేశాడు: దేవుని సారాన్ని ఎవరూ చూడలేరు గనుక మీరు చూసింది సృష్టించబడిన వెలుగో, భ్రమో అయ్యుండాలి అని. దానికి ఆ సన్యాసుల్లో ఒకడైన గ్రెగొరీ పలమాస్ ఇచ్చిన జవాబే నేటికీ ఆర్థడాక్స్ బోధకు వెన్నెముక. దేవుని సారం ఎప్పటికీ అందదు. కానీ ఆయన క్రియాశక్తులు, అంటే ఆయన జీవం, వెలుగు, కృప, ఆయన చేసి పక్కన పెట్టిన వస్తువులు కావు. అవి సృష్టించబడనివి, ఆయనే. వాటిలో పాలుపొందితే దేవునిలోనే పాలుపొందినట్టు, ఆయన సారాన్ని పంచుకున్నట్టు కాదు. 1341, 1347, 1351 కాన్‌స్టాంటినోపుల్ సభలు దీన్ని సమర్థించాయి. మహా ఉపవాస కాలంలో రెండో ఆదివారం నేటికీ పలమాస్ పేరిట జరుపుతారు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే వట్టి తత్వశాస్త్రంలా వినిపిస్తుంది. శిశువుకు బాప్తిస్మం ఇచ్చిన వెంటనే పరిశుద్ధ తైలంతో ముద్రిస్తారు, బల్లలో పాలు కూడా అప్పటినుంచే. బుధ, శుక్రవారాలు ఉపవాసం. పాపపు ఒప్పుకోలు. బైజాంటైన్ ఆరాధనలో ప్రభుభోజనం పంచేముందు పాత్రలో వేడినీళ్ళు పోస్తారు, పరిశుద్ధాత్మతో నిండిన విశ్వాసపు వెచ్చదనం అంటూ. అందుకే అక్కడ ద్రాక్షరసం గోరువెచ్చగా నోటికి తగులుతుంది. ఇక రోజూ చేసేది "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అనే ప్రార్థన. దానికి ముడులు వేసిన తాడు వాడతారు, ఎక్కువగా 33, 50 లేదా 100 ముడులతో. ఎదుగుదలను శుద్ధి, ప్రకాశం, దైవీకరణ అని మూడు దశలుగా చెబుతారు.

ఒక హెచ్చరిక: వీడియోలు చూసి శ్వాసను పట్టి ఉంచే పద్ధతి సొంతంగా మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఆర్థడాక్స్ గురువులే ఆత్మీయ తండ్రి లేకుండా అది చేయొద్దంటారు. వెలుగు కనబడాలని కోరుకుంటూ కూర్చోవడమే వాళ్ళ లెక్కలో మోసపోవడానికి మొదటి మెట్టు. ప్రార్థన మాటలు మామూలుగా, నెమ్మదిగా చెప్పుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ సంప్రదాయంలోనూ అందరూ ఒక్క మాట మీద లేరు. ఐగుప్తు కాప్టిక్ సంఘంలో సన్యాసి మత్తా ఎల్-మెస్కీన్ దైవీకరణ గురించి ధారాళంగా రాస్తే, 1971 నుంచి 2012 దాకా ఆ సంఘపు పోపుగా (అలెగ్జాండ్రియా పీఠాధిపతిగా) ఉన్న షెనూడా 3 ఆ భాషను గట్టిగా వ్యతిరేకించారు. దేవుని గుణాలన్నీ మనిషికి అంటగడుతున్నారన్నది ఆయన భయం. 2 పేతురు 1:4ను పరిశుద్ధాత్మతో కలిసి పనిచేయడం అనే అర్థంలో వివరించారు. అథనాసియస్ కూర్చున్న పీఠం మీదే ఈ వాదన జరిగిందంటే, ఈ మాటల్ని ఎంత జాగ్రత్తగా వాడాలో ఊహించుకోవచ్చు. సిరియక్ సంఘాలది మరో పద్ధతి. నిర్వచనాలకన్నా పాటల్లో చెబుతారు. ఆయన మనకు దైవత్వం ఇచ్చాడు, మనం ఆయనకు మానవత్వం ఇచ్చాం అని 4వ శతాబ్దంలోనే ఎఫ్రేము పాడాడు. కేరళ సిరియన్ క్రైస్తవులది ఆ వారసత్వమే.

కాథలిక్: పాత్రలో ఒక్క చుక్క నీరు

దివ్యబలిపూజలో అర్పణ సమయంలో గురువు ద్రాక్షరసంలో కొంచెం నీరు కలపడం మీరు చూసే ఉంటారు. అప్పుడు మెల్లగా చెప్పే ప్రార్థన చాలామందికి వినబడదు. మన మానవత్వంలో పాలుపంచుకోవడానికి తన్నుతాను తగ్గించుకున్న క్రీస్తు దైవత్వంలో, ఈ నీరు ద్రాక్షరసాల మర్మం ద్వారా మేము పాలుపొందాలి అన్నది దాని భావం. అంటే ప్రతి పూజలోనూ ఈ బోధ ఉంది. కాథలిక్ సంఘపు అధికారిక బోధల గ్రంథమైన 1992 సత్యోపదేశం 460వ పేరాలో పేతురు వచనం, ఇరేనియస్, అథనాసియస్, అక్వినాసు మాటలు ఒకే వరసలో ఉదహరించారు.

తేడా వచ్చేది వరప్రసాదాన్ని (కృపను) వివరించేటప్పుడు. 13వ శతాబ్దపు థామస్ అక్వినాసు ఇలా అంటాడు: దైవీకరించగలవాడు దేవుడొక్కడే. కానీ ఆయన వచ్చి ఉన్నప్పుడు ఆత్మలో నిజమైన మార్పు జరుగుతుంది, ఆ మార్పు మాత్రం సృష్టించబడినదే. దీన్నిబట్టి "కాథలిక్కులకు దేవుడు దొరకడు, ఏదో సృష్టి వస్తువు దొరుకుతుంది" అని కొందరు ఆర్థడాక్స్ రచయితలు విమర్శిస్తారు. అది అన్యాయం. పరిశుద్ధాత్మ తానే ఇవ్వబడతాడని అక్వినాసు స్పష్టంగానే చెప్పాడు.

నిజమైన తేడా ఇంకోచోట ఉంది. 1336లో పోపు బెనెడిక్ట్ 12, పరలోకంలోని పరిశుద్ధులు దేవుని సారాన్నే ముఖాముఖిగా చూస్తారని నిర్ణయించారు. ఐదేళ్ళకే కాన్‌స్టాంటినోపుల్ సభ పలమాస్‌ను సమర్థించింది. ఆయన బోధలో సారం పరలోకంలో కూడా అందదు. ఈ రెండు ప్రకటనల మధ్య దూరాన్ని ఎన్ని చర్చలు జరిపినా పూర్తిగా తీర్చలేదు.

ఇంకొకటి: 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ, మనం నీతిమంతులమయ్యేది దేవుడు మనలో పోసే నీతివల్ల అని నిర్ణయించింది. ఇక్కడినుంచే మీ సంఘం బోధ వేరుపడుతుంది.

లూథరన్: ఓసియాండర్ గొడవ తెలియకపోతే ఇది అర్థం కాదు

లూథరు 1520లోనే విశ్వాసం ఆత్మను క్రీస్తుతో వధూవరుల్లా ఏకం చేస్తుందని, ఆయన నీతి మనదై మన పాపం ఆయనదవుతుందని రాశాడు. 1535లో అచ్చయిన గలతీ వ్యాఖ్యానంలో, విశ్వాసంలోనే క్రీస్తు హాజరై ఉంటాడన్నాడు. పాలుపొందడం ఆయనకు పరాయి ఆలోచన కానే కాదు.

మరి మీ సంఘంలో ఎందుకు వినబడదు? లూథరు చనిపోయాక కోనిగ్స్‌బర్గ్‌లో ఆండ్రెయాస్ ఓసియాండర్ అనే లూథరన్ పండితుడు ఒక మాటన్నాడు. మనల్ని నీతిమంతుల్ని చేసేది మనలో నివసించే క్రీస్తు దైవస్వభావమే అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సిలువ మీద జరిగిన పని వెనక్కి పోయి, నాలో ఉన్నది ముందుకొస్తుంది. ఈరోజు నాలో ఎంత పరిశుద్ధత ఉంది అని చూసుకునే మనిషికి నిశ్చయత ఎక్కడినుంచి వస్తుంది? మరణపడక మీదున్న విశ్వాసికి ఏం చెప్పాలి? లూథరు సహచరుడు మెలాంక్తన్, కాల్విన్ ఇద్దరూ వ్యతిరేకించింది ఇందుకే. లూథరన్ల విశ్వాస పత్రమైన 1577 ఫార్ములా ఆఫ్ కాంకార్డ్ వరుసను ఖాయం చేసింది. క్రీస్తు విధేయత మన లెక్కలో వేయబడడం వల్ల నీతిమంతులుగా తీర్చబడతాం, దేవుడు మనలో నివసించడం దాని తర్వాత తప్పక వస్తుంది, కానీ నిశ్చయతకు పునాది అది కాదు.

జాగ్రత్తగా చూడండి: కాంకార్డ్ దేవుని నివాసాన్ని కాదనలేదు, వరుస మాత్రమే పెట్టింది. తర్వాతి తరాల ప్రసంగాల్లో ఆ రెండో సగం జారిపోయింది. నా అభిప్రాయంలో మీకు కలిగిన సందేహానికి మూలం ఇదే.

1970లో ఫిన్లాండ్ లూథరన్ సంఘానికీ రష్యన్ ఆర్థడాక్స్ సంఘానికీ చర్చలు మొదలైనప్పుడు ఈ సంగతి మళ్ళీ బయటికొచ్చింది. 1977లో కీవ్‌లో జరిగిన విడతలో నీతిమంతులుగా తీర్చబడడం, దైవీకరణ రెండూ కలిపి చర్చించారు. హెల్సింకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తువోమో మన్నెర్మా, లూథరు సొంత రచనల్లో క్రీస్తు హాజరు అనేది నీతి బోధకే గుండెకాయ అని వాదించారు. ఆయన మరీ దూరం వెళ్ళారని, లూథరు చివరి రచనల్లోని లెక్కింపు భాషను (క్రీస్తు నీతి మన లెక్కలో వేయబడడం అనే మాటను) తక్కువ చేశారని లూథరన్లలోనే విమర్శకులు చాలామంది. ఆ విమర్శలో పస ఉంది. కానీ ఆయన చూపించిన వాక్యాలు లూథరువే.

కాల్విన్ సంగతి తొందరగా ముగించవచ్చు. 1559 ఇన్‌స్టిట్యూట్స్‌లో ఓసియాండర్‌ను పేజీలకు పేజీలు ఖండించిన ఆయనే, 2 పేతురు 1:4 దగ్గర, సువార్త ఉద్దేశం మనల్ని దేవునికి సారూప్యం చేయడమేనని, ఒక విధంగా అది దైవీకరణేనని రాశాడు. ఇక్కడ స్వభావమంటే సారం కాదు, గుణం అని వెంటనే హద్దు గీశాడు. క్రీస్తుతో ఐక్యతలో నీతి, పరిశుద్ధత రెండూ ఒకేసారి దొరుకుతాయి, ఒకదాన్ని ఇంకోదానితో కలిపేయకూడదు, విడదీయనూ కూడదు అన్నది ఆయన పద్ధతి.

వెస్లీ, తర్వాతివాళ్ళు

మెదక్, కరీంనగర్ ప్రాంతాల సీఎస్ఐ వాళ్ళకు ఇది సొంత చరిత్ర, అక్కడ మొదట పనిచేసింది వెస్లియన్ మిషనరీలే. 1738 మే 24న సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ హృదయం వెచ్చబడిందని అందరికీ తెలుసు. అదే రోజు తెల్లవారి దాదాపు ఐదు గంటలకు ఆయన కొత్త నిబంధన తెరిస్తే కళ్ళబడ్డ వచనం సరిగ్గా మీరడిగిన 2 పేతురు 1:4. తన దినచర్యలో ఆయనే రాసుకున్నాడు. తూర్పు సన్యాస సంప్రదాయంలోని మకారియస్ ప్రసంగాలను తర్వాత తన గ్రంథమాలలో అచ్చువేశాడు. సంపూర్ణ పరిశుద్ధత గురించి, అంటే హృదయం ప్రేమతో నిండడం గురించి ఆయన పట్టుదల ఆర్థడాక్స్ బోధకు దగ్గరగా వస్తుంది. అయితే నీతిమంతులుగా తీర్చబడడం విశ్వాసం వల్లే అన్న సంస్కరణ పునాదిని వదలలేదు.

బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఈ పేరుతో సిద్ధాంతం లేదు కానీ విషయం ఉంది. గలతీ 2:20, కొలొస్సీ 1:27 మీద వినే ప్రసంగాలన్నీ ఇవే. ప్రమాదం వచ్చేది కొందరు శ్రేయస్సు బోధకుల "మీరు చిన్న దేవుళ్ళు, మీ మాటకు సృష్టించే శక్తి ఉంది" అన్న బోధతో. పైన చెప్పిన హద్దును అది దాటేస్తుంది. దానికి కీర్తన 82:6ను వాడతారు, 7వ వచనం చదవరు. అక్కడ ఉన్నది అన్యాయపు న్యాయాధిపతులకు దేవుని తీర్పు: ఇతర మనుష్యుల్లాగే మీరూ చనిపోతారు. మార్మన్ల బోధ కూడా వేరే. 1844లో వాళ్ళ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పినదాంట్లో దేవుడూ మనిషీ ఒకే జాతికి చెందుతారు. అథనాసియస్ వాక్యాన్ని దానికి తోడు తెచ్చుకోవడం కుదరదు.

అద్వైతమా అన్న ప్రశ్నకు

అద్వైతంలో జీవుడు ఎప్పుడూ బ్రహ్మమే. అవిద్య తొలగితే ఆ సత్యం తెలుస్తుంది, కొత్తగా అయ్యేదేమీ లేదు. క్రైస్తవ బోధలో మనిషి శూన్యం నుంచి సృష్టించబడినవాడు. దైవజీవం తనలో దాగి లేదు, బయటినుంచి ఇవ్వబడాలి. అందుకే దైవీకరణ కృప అవుతుంది.

పోల్చాలంటే విశిష్టాద్వైతం ఇంకాస్త దగ్గర. అక్కడ ముక్తజీవుడు భగవంతుడితో సామ్యం పొందినా వేరుగానే ఉంటాడు. "జగద్వ్యాపారవర్జం" అని బ్రహ్మసూత్రం చెప్పినట్టు జగత్తును సృష్టించి నడిపే అధికారం మాత్రం అతనికి రాదు. అంతవరకు పోలిక ఉంది. కానీ రామానుజుల దృష్టిలో జగత్తు భగవంతుడి శరీరం, మోక్షంలో జీవుడి సహజ జ్ఞానమే వికసిస్తుంది. క్రైస్తవంలో మార్గమంతా ఒక చారిత్రక వ్యక్తి జననం, మరణం, పునరుత్థానం గుండా పోతుంది, గమ్యంలో శరీరం కూడా లేపబడుతుంది. ఇంటి చుట్టుపక్కలవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ తేడాల్ని మర్యాదగా, ఉన్నదున్నట్టు చెప్పండి. అవతలి దర్శనాన్ని తక్కువచేసి గెలవక్కర్లేదు.

మీ బైబిల్ స్టడీలో దీన్ని ఎలా తీసుకోవాలి

4వ వచనం ఒక్కటే పట్టుకోవద్దు. 3 నుంచి 11 దాకా ఒక్కసారిగా చదివించండి. 4లో పాలుపొందడం దేవుని వాగ్దానాల మూలంగా అని ఉంది, మన సాధన మూలంగా అని లేదు. వెంటనే 5 నుంచి 7 దాకా విశ్వాసానికి అమర్చుకోవలసినవి ఏడు వస్తాయి: సద్గుణము, జ్ఞానము, ఆశానిగ్రహము, సహనము, భక్తి, సహోదరప్రేమ, దయ. దేవస్వభావం విశ్వాసి జీవితంలో కంటికి కనబడే రూపం అదే. దర్శనాలు, శక్తులు ఆ జాబితాలో లేవు.

సాధారణంగా ఇక్కడ చర్చ రెండు వైపులకు జారుతుంది. కొందరు ఏడింటినీ మార్కుల పట్టికలా చేసి తమకు రక్షణ ఉందో లేదో లెక్కపెట్టుకుంటారు, ఓసియాండర్ దారిలో వచ్చే భయం అదే. ఇంకొందరు "మేము క్షమించబడ్డాం, ఇక చాలు" అని ఆ భాగాన్ని దాటేస్తారు. రెండు పక్షాలకూ 9వ వచనం చూపించండి: "ఇవి ఎవనికి లేకపోవునో వాడు తన పూర్వపాపములకు శుద్ధి కలిగిన సంగతి మరచిపోయి, గ్రుడ్డివాడును దూరదృష్టిలేనివాడునగును." ఈ వచనంలో పేతురు ఎదుగుదల లేనివాడిలో చూపించే లోపం సాధన తక్కువ కావడం కాదు, తనకు దొరికిన క్షమాపణను మరచిపోవడం. క్షమాపణ, దేవస్వభావంలో పాలుపొందడం ఒకే పేరాలో, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

మీ పాస్టరు గారితో మాట్లాడేటప్పుడు "ఆర్థడాక్స్ వాళ్ళు కరెక్టా, మనం కరెక్టా" అని మొదలుపెట్టకండి. కాంకార్డ్ మూడో అధికరణంలో దేవుడు విశ్వాసిలో నివసించడం గురించి ఉన్న భాగాన్ని కలిసి చదువుదామని అడగండి. అది మీ సంఘం ఒప్పుకున్న పత్రమే గనుక ఆయనకు ఇబ్బంది ఉండదు.